22 ఏళ్లకు తెలిసొచ్చింది!

మొదటి ప్రయత్నంలో రాలేదు. రెండోసారీ అంతే. మూడు, నాలుగు, ఐదు... ఇంకెన్నిసార్లు? పట్టుదలతో ఇలాగే వెళ్లాలా, లేక దారి మార్చాలా? పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. సుమారు 850 ఏళ్ల కిందట జర్మనీని ఏలిన ఓ చక్రవర్తికీ సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. పేరు ఫ్రెడరిక్. ఎర్రటి గడ్డం ఉండేది కాబట్టి ఇటలీ జనం బార్బరోసా అని పిలిచేవారు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం ఎర్రగడ్డం అనే. ఇటలీ మీదికి ఐదుసార్లు దండెత్తి, ఐదోసారి చావు తప్పించుకుని బయటపడ్డాక గానీ అతనికి జవాబు దొరకలేదు. ఆ తర్వాత సాధించింది మాత్రం అంతకుముందు 20 ఏళ్లలో కత్తితో సాధించినదాని కన్నా ఎక్కువ.

ఇద్దరికీ కావలసినవాడు

ఫ్రెడరిక్ సుమారు 1122లో పుట్టాడు. తండ్రి స్వాబియా ప్రాంతానికి డ్యూక్, హోహెన్‌స్టాఫెన్ వంశస్థుడు. తల్లి జూడిత్ వెల్ఫ్ వంశపు ఆడపడుచు. అప్పట్లో జర్మనీలో ఈ రెండు కుటుంబాలకూ అస్సలు పడేది కాదు. అధికారం కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. రెండిళ్ల రక్తమూ ఉన్న ఫ్రెడరిక్ మీద ఇరు పక్షాలకూ కాస్త నమ్మకం ఉండేది.

అప్పుడు జర్మనీకి రాజు అతని బాబాయి మూడో కాన్రాడ్. 1147లో బాబాయితో కలిసి ఫ్రెడరిక్ రెండో క్రూసేడ్‌కు బయల్దేరాడు. జెరూసలేం, దాని చుట్టుపక్కల పవిత్ర భూమి కోసం పశ్చిమ యూరప్ క్రైస్తవ రాజ్యాలు చేసిన యుద్ధయాత్రలే క్రూసేడ్‌లు. ఈ యాత్ర ఘోరంగా విఫలమైంది. ఇప్పటి టర్కీలోని డోరిలియం దగ్గర తిండి, నీళ్లు లేక అల్లాడుతున్న జర్మన్ సైన్యాన్ని సెల్జుక్ తురుష్కుల ఆశ్వికదళం ఛిన్నాభిన్నం చేసింది. మిగిలినవాళ్లు 1148లో డమాస్కస్‌ను ముట్టడించి, కొద్దిరోజులకే వెనుదిరిగారు. సరఫరాలు చూసుకోకుండా, దారిలో ఉన్న రాజ్యాలతో ముందే మాట్లాడుకోకుండా వెళ్తే ఏమవుతుందో పాతికేళ్ల యువకుడు కళ్లారా చూశాడు. ఆ పాఠాన్ని 40 ఏళ్లు గుర్తుపెట్టుకున్నాడు.

1152 ఫిబ్రవరిలో కాన్రాడ్ చనిపోయాడు. బతికి ఉన్న కొడుకు చిన్న పిల్లాడు కావడంతో అన్న కొడుకు ఫ్రెడరిక్ పేరు సూచించి వెళ్లాడు. మార్చి 4న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రభువులంతా అతన్ని రాజుగా ఎన్నుకున్నారు. అయిదు రోజులకే ఆకెన్‌లో పట్టాభిషేకం జరిగిపోయింది.

రికాబు దగ్గర పేచీ

ఇక్కడో చిన్న విషయం తెలుసుకోవాలి. జర్మనీ రాజును అక్కడి ప్రభువులు ఎన్నుకుంటారు. కానీ చక్రవర్తి అనిపించుకోవాలంటే రోమ్ వెళ్లి పోప్ చేతుల మీదుగా కిరీటం పెట్టించుకోవాల్సిందే. ఆ సామ్రాజ్యంలో జర్మనీతో పాటు ఉత్తర ఇటలీ కూడా భాగమే. అయితే మిలాన్ లాంటి ఇటలీ నగరాలు వ్యాపారంతో బాగా సంపాదించాయి. తమ పాలకులను తామే ఎన్నుకుంటున్నాయి. ఆల్ప్స్ పర్వతాలకు అవతల ఉన్న రాజును పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. పన్నులు, టోల్, నాణేల ముద్రణ, కోర్టులు అన్నీ వాళ్ల చేతుల్లోనే. పాత హక్కులన్నీ తిరిగి రాబట్టాలన్నది ఫ్రెడరిక్ లక్ష్యం.

1154లో మొదటిసారి ఇటలీ వెళ్లాడు. మరుసటి ఏడాది జూన్‌లో రోమ్‌కు దగ్గర్లోని సుత్రిలో పోప్ నాలుగో అడ్రియన్ ఎదురొచ్చాడు. ఆచారం ప్రకారం రాజు పోప్ గుర్రాన్ని కళ్లెం పట్టి నాలుగడుగులు నడిపించాలి. దిగేటప్పుడు రికాబు పట్టుకోవాలి. ఫ్రెడరిక్ ససేమిరా అన్నాడు. తాను పోప్‌కు సేవకుణ్ని కానని అతని ఉద్దేశం. పోప్ కూడా శాంతి ముద్దు ఇవ్వనన్నాడు. ఇది పాత రాజులంతా పాటించిన మర్యాదేనని పెద్దలు నచ్చజెప్పాక అయిష్టంగానే ఒప్పుకున్నాడు. జూన్ 18న చక్రవర్తి అయ్యాడు. అదే రోజు రోమ్ జనం తిరగబడితే వీధుల్లో రక్తం పారింది.

1157లో మరో గొడవ. పోప్ పంపిన లేఖలో ఒక లాటిన్ మాటకు రెండర్థాలు ఉన్నాయి. ఒకటి మేలు, మరొకటి యజమాని తన సామంతుడికి ఇచ్చే భూమి. చక్రవర్తి పదవి పోప్ దయతో వచ్చిన జాగీరే అన్నట్టు అర్థం వచ్చేసరికి సభ దద్దరిల్లింది. లేఖ తెచ్చిన రోలాండ్ అనే కార్డినల్ మీదికి ఒక ప్రభువు కత్తి ఎత్తినంత పని చేశాడు. ఫ్రెడరికే అడ్డుపడి ఆపాడు. ఆ రోలాండే రెండేళ్ల తర్వాత పోప్ మూడో అలెగ్జాండర్ అయ్యాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

విద్యార్థుల కోసం ఓ చట్టం

యుద్ధాల హడావుడిలో చాలామంది మర్చిపోయే మంచి పని ఒకటి ఉంది. ఇటలీలోని బొలోనా అప్పటికే న్యాయశాస్త్ర చదువులకు పేరు పొందింది. దూరదేశాల నుంచి కుర్రాళ్లు చదువుకోవడానికి వచ్చేవారు. ఊరు కాని ఊరు, అండ లేదు. వాళ్ల ప్రాంతం వాడెవడో అప్పు ఎగ్గొడితే, ఆ బాకీని వీళ్ల దగ్గర వసూలు చేసేవారు! ఫ్రెడరిక్ దీన్ని ఆపించాడు. చదువు కోసం ప్రయాణించే వారికి రక్షణ ఉంటుందని, ఒకరి అప్పుకు మరో విద్యార్థిని పట్టుకోకూడదని, విద్యార్థి మీద కేసు పడితే తన గురువు ముందు గానీ బిషప్ ముందు గానీ విచారణ కోరుకోవచ్చని చట్టం చేశాడు. 1155-58 మధ్య వచ్చిన ఈ చట్టం పేరు ‘ఆథెంటికా హబితా’. యూరప్‌లో విశ్వవిద్యాలయాల స్వేచ్ఛకు తొలి పునాదుల్లో దీన్ని ఒకటిగా చెబుతారు. చేసిన వ్యక్తికేమో లాటిన్ అర్థమయ్యేది కానీ ధారాళంగా మాట్లాడటం వచ్చేది కాదు!

నేలమట్టమైన మిలాన్

1158లో రెండోసారి ఇటలీ వచ్చిన ఫ్రెడరిక్ రొంకాల్యా మైదానంలో పెద్ద సభ పెట్టాడు. బొలోనా న్యాయ పండితులు నలుగురిని కూర్చోబెట్టి, చక్రవర్తికి చెందే హక్కులేమిటో జాబితా రాయించాడు. రోడ్లు, నదులు, టోల్, టంకశాలలు, జరిమానాలు, న్యాయాధికారుల నియామకం... అన్నీ అతనివే అని తేలింది. కాగితం మీద బాగానే ఉంది. ఆ హక్కుల కోసం నగరాల మీద తన అధికారులను కూర్చోబెట్టేసరికి అసలు తంటా మొదలైంది.

మిలాన్ ఎదురు తిరిగింది. దాని మిత్ర నగరం క్రేమాను ముట్టడించినప్పుడు బందీలను ముట్టడి బురుజులకు కట్టి ముందుకు తోయించాడు, లోపలివాళ్లు సొంత మనుషుల మీద రాళ్లు రువ్వలేరని. అయినా వాళ్లు లొంగలేదు. నెలల తర్వాత గానీ క్రేమా పడలేదు. 1162 మార్చిలో మిలాన్ లొంగిపోయింది. జనాన్ని ఖాళీ చేయించి నగరాన్ని నేలమట్టం చేయించాడు. మిలాన్ అంటే గిట్టని పొరుగు నగరాలు కూల్చివేతలో ఉత్సాహంగా చెయ్యేశాయి. ఫ్రెడరిక్ జీవితంలో కప్పిపుచ్చడానికి వీల్లేని చీకటి కోణం ఇది.

మరోపక్క 1159లోనే రోమ్‌లో ఒకేసారి ఇద్దరు పోప్‌లు ఎన్నికయ్యారు. ఫ్రెడరిక్ తనకు అనుకూలుడైన నాలుగో విక్టర్‌ను సమర్థించాడు. మూడో అలెగ్జాండర్ ఊరుకుంటాడా? 1160లో చక్రవర్తిని మతం నుంచి వెలివేశాడు. విక్టర్ చనిపోతే ఇంకొకరిని, ఆయనా పోతే మరొకరిని ఫ్రెడరిక్ పోటీ పోప్‌లుగా నిలబెట్టాడు. అలా పంతం 17 ఏళ్లు సాగింది.

1167లో ఏకంగా రోమ్‌నే పట్టుకుని, తన పోప్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. ఇక తిరుగులేదనుకున్నాడు. ఆగస్టు ఎండల్లో సైన్యంలో అంటురోగం వ్యాపించింది. కొద్దిరోజుల్లోనే 2 వేల మందికి పైగా చనిపోయారు. అతని కుడిభుజం లాంటి రైనాల్డ్, బాబాయి కొడుకు కూడా ఆ రోగానికే బలయ్యారు. అదే ఏడాది ఉత్తర ఇటలీ నగరాలు పాత పగలు పక్కనపెట్టి లాంబార్డ్ లీగ్ పేరుతో ఒక్కటయ్యాయి. మిలాన్ కూల్చివేతలో పాలుపంచుకున్న క్రెమోనాయే ఇప్పుడు మిలాన్ వాసులను వాళ్ల ఊరికి తిరిగి చేర్చడంలో సాయపడింది. చక్రవర్తి అణచివేతే వాళ్లను కలిపింది. మరుసటి ఏడాది లీగ్ ఒక కొత్త నగరం కట్టి, దానికి పోప్ పేరు మీద అలెస్సాండ్రియా అని పేరు పెట్టింది. ఫ్రెడరిక్ మాత్రం మారువేషంలో ఆల్ప్స్ దాటి జర్మనీ చేరుకున్నాడని చెబుతారు.

లెన్యానోలో కూలిన గర్వం

1174లో ఐదోసారి వచ్చాడు. అలెస్సాండ్రియాను నెలల తరబడి ముట్టడించినా పట్టుకోలేకపోయాడు. సైన్యం చాలలేదు. మేనమామ కొడుకు హెన్రీని సాయం అడిగాడు. ‘సింహం’ అని పేరున్న ఈ హెన్రీ సాక్సనీ, బవేరియా రెండింటికీ డ్యూక్. మ్యూనిక్ నగరానికి పునాది వేసింది అతనే. ఫ్రెడరిక్ కాళ్ల మీద పడి వేడుకున్నా, గోస్లార్ వెండి గనులు ఇస్తే చూద్దామన్నాడని కథలు కథలుగా చెప్పుకున్నారు. ఏదేమైనా హెన్రీ రాలేదు.

1176 మే 29న మిలాన్‌కు చేరువలోని లెన్యానో దగ్గర యుద్ధం. మిలాన్ వాళ్లకు ఎద్దులు లాగే పెద్ద యుద్ధశకటం ఉండేది. దాని మీద నగర పతాకం. కాల్బలం ఆ బండి చుట్టూ ఈటెలు పట్టుకుని గోడలా నిలబడింది. మేలుజాతి గుర్రాల మీద వచ్చిన జర్మన్ యోధులు ఆ గోడను బద్దలు కొట్టలేకపోయారు. ఈలోగా లీగ్ ఆశ్వికదళం పక్క నుంచి వచ్చి పడింది. చక్రవర్తి గుర్రం మీద నుంచి కింద పడ్డాడు. తర్వాత కనిపించలేదు. చనిపోయాడనే అనుకున్నారు. రాణి బియాట్రిస్ సంతాప దుస్తులు కూడా వేసుకుందంటారు. కొన్నాళ్లకు పావియా నగరంలో ప్రాణాలతో ప్రత్యక్షమయ్యాడు.

అప్పటికి అతనికి సుమారు 54 ఏళ్లు. ఆరోసారి దండెత్తడానికి సన్నాహాలు మొదలుపెడతాడనే ఎవరైనా అనుకుంటారు. అతను ఆ పని చేయలేదు. కొద్ది నెలలకే పోప్ అలెగ్జాండర్ దగ్గరికి రాయబారులను పంపాడు.

వెనిస్‌లో తల వంచి...

శత్రువులందరితో ఒకేసారి తలపడటం తన పెద్ద తప్పని ఫ్రెడరిక్ గ్రహించాడు. ముందు పోప్‌తో సర్దుకుంటే మిగతావాళ్లతో ఒక్కొక్కరిగా మాట్లాడుకోవచ్చు. అలెగ్జాండర్‌నే అసలైన పోప్‌గా ఒప్పుకున్నాడు. 1177 జులై 24న వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి ముందు, వేలమంది చూస్తుండగా, రాజవస్త్రం తీసేసి పోప్ కాళ్ల ముందు సాష్టాంగపడ్డాడు. పోప్ కళ్లలో నీళ్లు తిరిగాయట. పైకి లేపి శాంతి ముద్దు ఇచ్చాడు. మర్నాడు ప్రార్థన ముగిశాక పోప్ గుర్రం ఎక్కుతుంటే రికాబు పట్టుకున్నది ఎవరో తెలుసా? ఫ్రెడరికే. సుత్రిలో పరువు పోతుందనుకున్న ఆ పనిని 22 ఏళ్ల తర్వాత అడిగించుకోకుండా చేశాడు. కిరీటం ఊడిపోలేదు. పైగా వెలి తొలగిపోయింది. సిసిలీ రాజుతో 15 ఏళ్లు, లాంబార్డ్ లీగ్‌తో ఆరేళ్లు కాల్పుల విరమణ లాంటి ఒప్పందాలు కుదిరాయి.

ఇటలీ వైపు నిశ్చింత దొరికాక ఇంటి సంగతి చూశాడు. సాటి ప్రభువుల ఫిర్యాదులను ఆధారం చేసుకుని సింహం హెన్రీ మీద విచారణ జరిపించాడు. పిలిచినా రాకపోవడంతో 1180లో అతని రెండు డ్యూక్ పదవులూ లాగేసుకున్నాడు. వాటిని తానే ఉంచుకోలేదు, ఇతర ప్రభువులకు పంచాడు. అప్పుడు బవేరియా దక్కిన విట్టెల్స్‌బాక్ కుటుంబం 1918 దాకా దాన్ని పాలించింది. ఇక్కడా సైన్యం వాడాడు. కానీ ముందు చట్టం, తోటివాళ్ల మద్దతు కూడగట్టుకున్నాకే వాడాడు.

లీగ్‌తో గడువు ముగుస్తుండగా 1183 జూన్‌లో కాన్‌స్టాన్స్‌లో శాశ్వత సంధి కుదిరింది. నగరాలు తమ పాలకులను తామే ఎన్నుకోవచ్చు, గోడలు కట్టుకోవచ్చు, లీగ్‌గా కొనసాగవచ్చు. బదులుగా చక్రవర్తిని ప్రభువుగా ఒప్పుకోవాలి, విధేయత ప్రమాణం చేయాలి, కొంత సొమ్ము కట్టాలి. 1158లో అతను అన్నీ కావాలన్నాడు. 1183లో ముఖ్యమైనవి ఉంటే చాలనుకున్నాడు. అప్పుడు అన్నీ అడిగితే ఏదీ నిలవలేదు. ఇప్పుడు కొన్నే అడిగితే అవి నిలిచాయి. 1186లో కొడుకు హెన్రీకి, సిసిలీ రాజకుమారి కాన్‌స్టాన్స్‌కు పెళ్లి చేశాడు. వేదిక ఎక్కడనుకున్నారు? ఒకప్పుడు తాను నేలమట్టం చేయించిన మిలాన్!

చివరి ప్రయాణం

1187 అక్టోబర్‌లో జెరూసలేంను సుల్తాన్ సలాదీన్ స్వాధీనం చేసుకున్నాడు. యూరప్ అంతా కదిలిపోయింది. 1188 మార్చిలో మైంజ్ సభలో ఫ్రెడరిక్ శిలువ గుర్తు ధరించాడు. వయసు 66కు దగ్గర. ఆ సభలో సింహాసనాన్ని క్రీస్తు కోసమని ఖాళీగా వదిలేశారు. క్రూసేడ్ పేరు చెప్పగానే జర్మనీలో యూదుల మీద దాడులు జరగడం అంతకుముందు రెండుసార్లూ చూసిందే. ఈసారి మైంజ్‌లో అలాంటి అల్లర్లు మొదలవుతుంటే యూదులను గాయపరిస్తే చెయ్యి నరికిస్తానని, చంపితే మరణశిక్షేనని హెచ్చరించి అదుపు చేశాడు.

కుర్రతనంలో నేర్చుకున్న పాఠం ఇప్పుడు పనికొచ్చింది. హంగరీ, బైజాంటియం, సెల్జుక్ రాజ్యాలకు ముందే రాయబారులను పంపి దారి, సంతల ఏర్పాట్లు మాట్లాడుకున్నాడు. రెండేళ్ల ఖర్చుకు సొమ్ము లేనివాళ్లు రావద్దన్నాడు. 1189 మే 11న రెగెన్స్‌బర్గ్ నుంచి బయల్దేరాడు. ఇప్పటి చరిత్రకారుల అంచనాలో సైన్యం సుమారు 12-15 వేలు. మూడో క్రూసేడ్‌లో భాగమైన ఇంగ్లండ్ రాజు రిచర్డ్, ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఇంకా కదలనే లేదు.

బైజాంటియం చక్రవర్తి రెండో ఐజాక్ మాట తప్పి జర్మన్ రాయబారులను ఖైదు చేశాడు. ఫ్రెడరిక్ ఆ రాజ్యంలోని ఫిలిప్పొపొలిస్, ఏడ్రియానోపుల్ నగరాలను పట్టుకున్నాడు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్ మీద దాడికీ ఆలోచన చేశాడు. అయినా చివరికి ఒప్పందం వైపే మొగ్గాడు. 1190 మార్చిలో గాలిపోలి దగ్గర సముద్రం దాటి ఆసియాలో అడుగుపెట్టాడు. అక్కడ సెల్జుక్ దాడులు, ఆకలి, దాహం. చచ్చిన గుర్రాల మాంసం తిన్నారు. అలాంటి స్థితిలోనే మే 18న సెల్జుక్ రాజధాని ఇకోనియంను, అంటే ఇప్పటి కోన్యాను గెలిచారు. బాబాయి సైన్యం కూలిపోయిన నేల మీద అబ్బాయి సైన్యం నిలబడింది. జర్మన్లు వస్తున్నారన్న వార్తకే సలాదీన్ శిబిరంలో కలవరం పుట్టింది.

1190 జూన్ 10. టారస్ పర్వతాలు దాటి క్రైస్తవ ఆర్మేనియా ప్రాంతానికి చేరారు. కష్టాలన్నీ గట్టెక్కినట్టే. ఎదురుగా సాలెఫ్ నది. గుర్రంతో దాటుతూ కొట్టుకుపోయాడని కొందరు, ఎండకు తాళలేక స్నానానికి దిగాడని ఇంకొందరు రాశారు. ఎలాగైతేనేం, ఎన్నో యుద్ధాల్లో ప్రాణాలు దక్కించుకున్న ఎర్రగడ్డం చక్రవర్తి ఆ నీళ్లలో మునిగి చనిపోయాడు. నాయకుడు పోగానే సైన్యం చెదిరిపోయింది. కొందరు ఓడలెక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. చాలామంది ఆంటియోక్‌లో రోగాలకు బలయ్యారు. మిగిలిన కొద్దిమందిని నడిపించిన కొడుకు కూడా 1191లో ఎకర్ దగ్గర చనిపోయాడు. ఆ క్రూసేడ్‌లో జెరూసలేం దక్కలేదు.

మరి మిగిలిందేమిటి?

అంత పక్కాగా ప్లాన్ చేసిన ప్రయాణాన్ని ఒక నది ఆపేసింది. ఇది అన్యాయమే. మన జీవితాల్లోనూ ఇలాంటివి జరుగుతాయి. బాగా చదివిన ఏడాదే నోటిఫికేషన్ వాయిదా పడుతుంది. అందుకే అతని జీవితాన్ని ఆ చివరి రోజుతో కొలవకూడదు. కాన్‌స్టాన్స్ సంధి అతని తర్వాతా ఇటలీ నగరాల స్వపరిపాలనకు ఆధారంగా నిలిచింది. విద్యార్థుల చట్టమూ నిలిచింది. జర్మన్లు మాత్రం అతను చనిపోలేదని, కిఫ్‌హాయిసర్ కొండ గుహలో నిద్రపోతున్నాడని, గడ్డం పెరుగుతూనే ఉందని శతాబ్దాల పాటు కథలు చెప్పుకున్నారు. ఆ పేరును హిట్లర్ 1941లో సోవియట్ యూనియన్ మీద దాడికి వాడుకున్నాడు. దారి మార్చుకున్న ఫ్రెడరిక్‌ను కాకుండా దండెత్తిన ఫ్రెడరిక్‌నే చూశాడన్నమాట.

ఇంకో విశేషం. మిలాన్‌లో ఆ పెళ్లి చేసుకున్న జంటకు పుట్టిన మనవడు రెండో ఫ్రెడరిక్ 1229లో ఈజిప్ట్ సుల్తాన్ అల్ కామిల్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకుని, యుద్ధం లేకుండానే జెరూసలేంను పొందాడు. తాత చివరికి నేర్చుకున్నదాన్ని మనవడు మొదట్లోనే వాడాడు.

ప్రయత్నాలు ఎన్నిసార్లు అన్నది లెక్క కాదు. ఇటలీ మీదికి వెళ్లిన ప్రతిసారీ ఫ్రెడరిక్‌కు పట్టుదల ఉంది, ధైర్యం ఉంది. మారనిది పద్ధతి ఒక్కటే. మీ గత ప్రయత్నానికీ, రాబోయే ప్రయత్నానికీ మధ్య ఏం మారిందో ఒక కాగితం మీద రాసి చూడండి. ఏమీ మారలేదంటే, తిరిగి పుస్తకం తెరిచే ముందు ఆలోచించాల్సింది అక్కడే.

ఒక్క చూపులో బార్బరోసా

- 1152: జర్మనీ రాజుగా ఎన్నిక
- 1155: రోమ్‌లో చక్రవర్తిగా పట్టాభిషేకం
- 1158: రొంకాల్యా సభ
- 1162: మిలాన్ విధ్వంసం
- 1167: లాంబార్డ్ లీగ్ ఏర్పాటు
- 1176: లెన్యానో యుద్ధంలో ఓటమి
- 1177: పోప్ మూడో అలెగ్జాండర్‌తో వెనిస్ సంధి
- 1183: కాన్‌స్టాన్స్ సంధి
- 1189: మూడో క్రూసేడ్‌కు ప్రయాణం
- 1190 జూన్ 10: సాలెఫ్ నదిలో మరణం